ప్రయాణములలో శీతలపేటిక

కలిదిండి ప్రాంతమున తెల్లవాఱకమునుపే వినవచ్చు చప్పుళ్ళలో ఐసుగడ్డలను పగులగొట్టు చప్పుడొకటి. చెరువులలో వలలాగి తెచ్చిన బొచ్చెలను, శీలావతులను ప్లాస్టిక్కు ట్రేలలో పేర్చి, పొరకును పొరకును నడుమ ఐసుముక్కలు చల్లి, లారీలకెక్కింతురు. ఆ లారీలు కలకత్తాకును, అస్సామునకును సాగిపోవును. కొల్లేటి లంకలనుండి ఉప్పుటేటి గట్టులవఱకు గల పల్లెలలో చల్లదనమనునది విలాసము కాదు; అది బ్రతుకుతెరువు. ఐసు చాలనినాడు చేప చెడును. చేప చెడిననాడు రైతు చెడును.

2022వ సంవత్సరము ఏప్రిలు వఱకు కృష్ణాజిల్లాలోనుండి, ఇప్పుడు ఏలూరుజిల్లాలో చేరియున్న యీ కలిదిండి, రాజరాజనరేంద్రుని తామ్రశాసనముచేత చరిత్రకారులకు తెలిసిన యూరు. చేపలచేతను రొయ్యలచేతను వర్తకులకు తెలిసిన యూరు. ఇట్టి సీమలో కాపురముండు మాకు చల్లదనమును కాపాడుట వెన్నతోబెట్టిన విద్యయే యని మేము తలచెడివారము. ఆ తలపు ఎంత పొరపాటో ఒక్క ప్రయాణము మాకు బోధించినది. ఆ పాఠమును సోదరీమణులతో పంచుకొనుటకే యీ వ్యాసము.

మూడేండ్లక్రిందట వేసవిలో మా ఆడపడుచు కుమార్తె సీమంతమునకై కుటుంబమంతయు అద్దెకారులో హైదరాబాదు బయలుదేరితిమి. కడుపుతోనున్న పిల్ల రొయ్యల యిగురు కోరినదని వినియుంటిమి గనుక, ఆనాటి యుదయము పట్టిన రొయ్యలను ఒలిపించి, థర్మోకోలు పెట్టెలో ఐసువేసి, మూతపెట్టి, డిక్కీలోనుంచితిమి. అదే పెట్టెలో పిల్లలకని మజ్జిగసీసాలును పెట్టితిమి. కారు ఆగినప్పుడెల్ల ఎవరో ఒకరు మూత తెఱచుచునే యుండిరి. ఊరు చేరి చూచుసరికి ఐసు కానరాలేదు. రొయ్యలు గోరువెచ్చని నీటిలో తేలుచున్నవి. వాసన కొంచెము తేడాగానున్నను, అంత దూరము మోసితెచ్చినదానిని పాఱవేయుటకు మనసొప్పలేదు. పసుపు, ఉప్పు వేసి నాలుగుమార్లు కడిగి వండితిమి. దైవవశమున ఆ పిల్ల వేవిళ్ళచేత ముద్దముట్టలేదు. ఆఱేండ్ల మా మనుమడు తినెను. ఆ రాత్రినుండి వాంతులు, విరేచనములు. రెండురాత్రులు ఆసుపత్రిలో వాని మంచముప్రక్కన సెలైను చుక్కలు లెక్కపెట్టుచు కూర్చుంటిమి. బిడ్డ కోలుకొనెను గాని, ఆ రెండురాత్రులను మేమెన్నటికిని మఱువజాలము.

తిరిగివచ్చిన పిమ్మట, చేపల షెడ్డులో ప్యాకింగుపని చేయు ఒక పెద్దామెకు ఈ సంగతి చెప్పితిమి. ఆమె నవ్వలేదు, జాలిపడలేదు, ప్రశ్నలే అడిగెను.

“అమ్మగారూ, రొయ్యల్ని ముందే ఐసునీళ్ళలో వేసి చల్లబరిచారాండి?”

“లేదమ్మా, ఒలిచినవి ఒలిచినట్టే పెట్టెలో వేశాము.”

“ఐసెంత వేశారండి?”

“పైన రెండు గుప్పిళ్ళు.”

“పెట్టెకి కింద బెజ్జం ఉందాండి?”

“లేదు.”

“మరి ఆ వేడంతా ఎక్కడికి పోద్దండి? రొయ్యలో వేడి, డిక్కీలో వేడి, మీరు మూత తీసినప్పుడల్లా లోపలికొచ్చిన వేడి, అదంతా ఎటో ఒకవైపు పోవాలి గదండి. పోయే దారి లేకపోతే రొయ్యలోనే ఉండిపోద్ది.”

ప్రకృతిశాస్త్ర గ్రంథములు పెక్కుపుటలలో చెప్పుదానిని ఆమె నాలుగు మాటలలో చెప్పినది. చల్లదనమనునది పెట్టెలో నింపుకొను పదార్థము కాదు. ఒకచోటి వేడిని తీసి మఱియొకచోటికి పంపుటయే చల్లబఱచుట. కావున ఐసుపెట్టెయైనను, కారులో పెట్టుకొను చిన్న ఫ్రిజ్జైనను, విదేశములలో ఇంటిబండ్లయందుండు గ్యాసు ఫ్రిజ్జైనను, గృహిణి అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఈ వేడి యెచ్చటికి పోవుచున్నది?

చలి చేయగలది, చేయజాలనిది

మొదట ఒక భ్రమను తొలగించుకొందము. చలి చెడిన పదార్థమును బాగుచేయదు. బాగున్నదానిని కొంతకాలము కాపాడును. ఆహారమును చెఱచు సూక్ష్మజీవులు 5 మొదలు 60 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు గల వేడిమిలో వృద్ధిపొందును. అనుకూలమైన వెచ్చదనములో వానిలో కొన్ని ఇంచుమించు 20 నిమిషముల కొకసారి రెట్టింపగును. ఒకటి రెండుగంటలలో 64 అగును. నాలుగుగంటలలో 4 వేలు దాటును. ఇంటి ఫ్రిజ్జులోని 4 డిగ్రీల చలిలో ఈ వృద్ధి మిక్కిలి మందగించును. గడ్డకట్టించు అరలోని సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో నిలిచిపోవును. నిలిచిపోవునేగాని ఆ జీవులన్నియు చావవు. వెచ్చదనము తగిలినంతనే మరల మేల్కొనును.

అందుచేతనే వండిన యాహారమును, పాలను, మాంసమును, చేపలను చలిలేక రెండుగంటలకు మించి యుంచరాదనియు, 32 డిగ్రీలు దాటిన యెండలలో ఒక్కగంటకు మించరాదనియు ఆహారనిపుణులు చెప్పుదురు. మన వేసవిలో నీడనే అంతకు మించిన వేడియుండును. ఇక నిలిపియుంచిన కారు డిక్కీని గూర్చి చెప్పవలసినదేమున్నది?

“బాగుగా ఉడికించిన చాలును, విషమంతయు పోవును” అను మాట మన యిండ్లలో తఱచు వినబడును. మేమును అట్లే నమ్మితిమి. ఉడికించిన సూక్ష్మజీవులు చచ్చుట నిజమే. కాని వానిలో కొన్ని అంతకుమునుపే విడిచిన విషము ఉడుకునకు లొంగదు. అన్నములో పెరుగు ఒకజాతి సూక్ష్మజీవి విషము అట్టిదే. రాత్రియంతయు వెచ్చగానుండిపోయిన యన్నమును తిరుగమోత వేసినంతమాత్రమున నిర్దోషము కాజాలదు. మన పూర్వులు ప్రయాణములకు పులిహోర, అటుకులు, జంతికలు, సున్నుండలు కట్టుకొనుటలోని వివేక మిచ్చట గుర్తింపదగినది. చింతపండు పులుపు సూక్ష్మజీవుల వృద్ధిని అడ్డగించును. వేపుడులలోను, పిండివంటలలోను తడి తక్కువ. చలి యవసరములేని పదార్థమునకు మించిన ప్రయాణాహారము లేదు. శీతలపేటికను అది లేనిదే గడవని వస్తువులకు మాత్రమే వాడవలయును.

ఐసుపెట్టె

ఫ్రిజ్జు పుట్టకమునుపే చలి సముద్రములను దాటినది. 1833వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను రేవునుండి టస్కనీ అను ఓడ సుమారు 180 టన్నుల మంచుగడ్డలతో బయలుదేరి, నాలుగునెలలు ప్రయాణించి, భూమధ్యరేఖను రెండుమార్లు దాటి, కలకత్తా చేరినది. అప్పటికి దాదాపు 100 టన్నుల మంచు మిగిలియుండెను. ఆ వర్తకుడైన ఫ్రెడెరిక్ ట్యూడరు చెన్నపట్టణమున మంచు నిలువచేయుటకై 1842లో కట్టించిన భవనము సముద్రతీరమున నేటికిని వివేకానంద భవనమను పేర నిలిచియున్నది. విద్యుత్తు లేదు, యంత్రము లేదు. మంచును గాలిచొరకుండ దట్టముగా పేర్చి, చుట్టును రంపపుపొట్టు వంటివానిని దట్టించుటయే ఆ విద్యయొక్క రహస్యము. మన పల్లెలలో ఐసుగడ్డపై వరియూక కప్పుటయు, గోనెపట్టా చుట్టుటయు ఆ విద్యయే.

ఒక గ్రాము ఐసు కరుగుటకు 80 కెలోరీల వేడిని మ్రింగును. అనగా ఒక కిలో ఐసు కరుగునపుడు మ్రింగు వేడితో ఒక కిలో నీటిని సున్న డిగ్రీలనుండి 80 డిగ్రీలవఱకు కాచవచ్చును. ఇంతటి శక్తి కరుగుచున్న ఐసునకు గలదు. కరిగిపోయిన నీటికి లేదు. నీరనగా కడుపునిండ వేడిని మ్రింగిన ఐసే. ఈ యొక్కసంగతి మనసున నిలిచినచో ఐసుపెట్టె నియమములన్నియు తమంతట తెలియవచ్చును.

మొదటిది: పెట్టెలో పెట్టు ప్రతివస్తువును ముందే చల్లబఱుపవలయును. వేడివస్తువును పెట్టినచో దారిలో ఉపయోగపడవలసిన ఐసు ఊరుదాటకముందే ఖర్చుపడును. ముందటిరాత్రి పెట్టెలో కొంచెము ఐసువేసి ఉదయము దానిని తీసివేసినచో పెట్టెగోడలును చల్లబడియుండును.

రెండవది: ఐసు పొదుపు పనికిరాదు. మన ఉష్ణప్రదేశములలో పచ్చిచేపకు దానితో సమానమైన తూకముగల ఐసు వేయవలెనని మత్స్యశాస్త్రజ్ఞులు చెప్పుదురు. రెండుకిలోల రొయ్యలకు రెండుకిలోల ఐసు. అదియు పైన మాత్రమేగాక అడుగున ఒక పొర, నడుమ ఒక పొర, పైన ఒక పొర. పెద్దగడ్డ మెల్లగా కరుగును, పొడి త్వరగా చల్లబఱచును. దూరప్రయాణములకు రెండును కలిపి వాడుట మేలు.

మూడవది: పచ్చిచేపలను, రొయ్యలను కరిగిన నీటిలో నాననీయరాదు. ఆ నీటిలో జిగురు, నెత్తురు, సూక్ష్మజీవులు చేరియుండును. అడుగున చిల్లుగల పెట్టెయందు ఆ నీరు బయటికి పోవుచు మురికినిగూడ కొనిపోవును. చిల్లునకు గొట్టము తగిలించి డబ్బాలోనికి వదలుట కారునకును క్షేమము. చిల్లులేని పెట్టెయైనచో, రొయ్యలను మూతబిగువుగల డబ్బాలోనుంచి, ఆ డబ్బాచుట్టును ఐసువేయవలెను.

నాలుగవది: పచ్చివానికొక పెట్టె, తినుటకు సిద్ధముగానున్న వానికొక పెట్టె, త్రాగునవి వేఱొకపెట్టె. మజ్జిగకై మాటిమాటికి మూత తెఱచుటచేతనే మా రొయ్యలు చెడినవి. మంచినీటి సీసాలను గడ్డకట్టించి ఐసుబదులు వాడినచో పెట్టెయు చల్లగానుండును, కరిగినపిదప త్రాగుటకును పనికివచ్చును. చేపలకు వేసిన ఐసుముక్కను మాత్రము పిల్లలచేతికీయరాదు. చేపల నిలువకు చేయు ఐసునకు మంచినీరే వాడుదురను నమ్మకము లేదు.

కొందఱు పొడిమంచు తెప్పింతురు. అది నీటిమంచు కాదు, బొగ్గుపులుసుగాలిని గడ్డకట్టించినది. దాని చలి సున్నకు దిగువ 78 డిగ్రీలు. అది నీరుగా మాఱక వాయువుగనే వెలువడును. కిటికీలు బిగించిన కారులో ఆ వాయువు నిండినచో ఊపిరాడదు. దానిని వట్టిచేతులతో ముట్టరాదు. మూతబిగించిన సీసాలలోనుంచినచో అవి ప్రేలును. కుటుంబప్రయాణమున దానిని విడుచుటయే మంచిది.

కారులోని కరెంటు పెట్టె

నేడు కారులోని 12 వోల్టుల విద్యుత్తుతో నడచు పెట్టెలు అంగళ్ళలో దొరకుచున్నవి. చూపునకు ఒకేరీతిగానున్నను వానిలో రెండు తెగలున్నవి. చవుకగా దొరకువానిలో కంప్రెసరు ఉండదు. రెండు లోహముల అతుకుగుండ విద్యుత్తు ప్రవహించినపుడు ఒకప్రక్క చల్లబడి రెండవప్రక్క వేడెక్కునను ధర్మముపై అవి పనిచేయును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెల్టియే 1834లో కనుగొన్న ధర్మమిది. ఇట్టి పెట్టెలు సాధారణముగా చుట్టునున్న గాలికన్న 15, 20 డిగ్రీలు మాత్రమే తగ్గింపగలవు. కారులోపల 45 డిగ్రీల వేడియున్నచో పెట్టెలో 25 డిగ్రీలకన్న తగ్గదు. అది పాలకు చలి కాదు, ప్రమాదము. త్రాగునీటికిని, పండ్లకును అవి చాలును; చేపకును, మందులకును చాలవు.

రెండవతెగలో ఇంటి ఫ్రిజ్జునందువలెనే చిన్న కంప్రెసరుండును. అది నిజముగా చల్లబఱచును. కాని అది తీసిన వేడి ప్రక్కనున్న జల్లెడకిటికీ గుండ బయటికి రావలయును. ఆ కిటికీకి దుప్పట్లు, సంచులు ఆనించినచో వేడి పోవు దారిలేక యంత్రము ఆగక తిరిగి, బ్యాటరీని పీల్చివేయును. ఇంజను ఆపి రాత్రియంతయు దీనిని నడిపినచో తెల్లవాఱి కారు కదలకపోవచ్చును. బ్యాటరీశక్తి తగ్గినంతనే తానై ఆగిపోవు ఏర్పాటుగల పెట్టెనే కొనవలెను. తీగెలను నిపుణునిచేతనే బిగింపించి, బ్యాటరీకి దగ్గఱగా ఫ్యూజు పెట్టింపవలెను. సన్నని తీగెలను మెలిపెట్టి టేపుచుట్టుట నిప్పును చేజేత పిలుచుటయే.

మఱియొక హెచ్చరిక. నేటి ఫ్రిజ్జులలో పెక్కింటియందు ఐసోబ్యూటేను అను మండెడి వాయువు కొద్దిపాటిగా నుండును. గొట్టములు చెడనంతవఱకు దానివలన భయము లేదు. కాని పేరుకొన్న మంచును కత్తితోగాని, అట్లకాడతోగాని పొడిచి తీయుట మన వంటయిండ్లలో తఱచు జరుగు పని. గొట్టము చిల్లుపడినచో పెట్టె చెడుటయేగాక నిప్పురవ్వ తగిలిన ప్రమాదమును కలుగవచ్చును. మంచును కరగనిచ్చి తుడుచుటయే పద్ధతి.

ఇంటిబండ్లును, గ్యాసు ఫ్రిజ్జులును

మన యూళ్ళనుండి అమెరికా, ఆస్ట్రేలియా దేశములకు వెళ్ళి స్థిరపడిన బిడ్డలను చూచుటకు వెళ్ళు తల్లిదండ్రులు నానాట హెచ్చుచున్నారు. సెలవులలో ఆ బిడ్డలు పడకలు, పొయ్యి, స్నానాలగది గల ఇంటిబండిని అద్దెకుతీసికొని, పెద్దలను వనములకును, పర్వతములకును తీసికొనిపోవుదురు. మన దేశమున సినిమా నటీనటులు విశ్రమించు కారవానులు అట్టివే. దోసెపిండి, పెరుగు, గోంగూరపచ్చడి సర్దుబాధ్యత సహజముగా అత్తగారిదో, అమ్మదో యగును. అందుచే ఆ బండిలోని ఫ్రిజ్జు మర్మమును ఆమెయు తెలిసికొనుట మేలు.

అట్టి బండ్లలో కొన్నింట కంప్రెసరు ఫ్రిజ్జులుండగా, పెక్కింట మంటతో చల్లబఱచు ఫ్రిజ్జులుండును. నిప్పుతో చలి పుట్టుట వింతగాదోచును గాని సత్యమే. స్వీడను దేశమున స్టాకుహోము సాంకేతిక విద్యాలయమందు విద్యార్థులుగానున్న ప్లాటెను, మంటర్సు అను ఇరువురు యువకులు 1922లో దీనిని కల్పించిరి. ఇందు అమ్మోనియా, నీరు, హైడ్రోజను మూసిన గొట్టములలోనుండును. చిన్న గ్యాసుమంట అమ్మోనియాను నీటినుండి వేఱుచేసి పైకి పంపును. అది చల్లబడి ద్రవమై, హైడ్రోజనుతో కలిసి ఆవిరియగుచు పెట్టెలోని వేడిని లాగికొని, మరల నీటిలో కలియును. తిరుగు భాగమొక్కటియు లేదు, చప్పుడును లేదు. విద్యుత్తులేని పల్లెల ఆసుపత్రులలో టీకామందులను ఇట్టి ఫ్రిజ్జులే కిరసనాయిలు దీపముతో చల్లగా కాపాడినవి. మన ఐసు ఫ్యాక్టరీలలో ఘాటుగా ముక్కునకు తగులు అమ్మోనియాయే ఇందును పనిచేయునది.

దీనిని వాడువారు నాలుగు సంగతులను మఱువరాదు. బండి నిలిపినపుడు నేల సమముగానుండవలయును. గొట్టములలోని ద్రవము తన బరువుచేతనే పల్లమునకు జాఱి తిరుగవలెను గనుక, బండి ఒరిగియున్నచో అది మంటవద్ద సరిగా తిరుగక, గొట్టము మితిమీఱి వేడెక్కి చెడును. నడచు బండిలో కుదుపులచే ద్రవము కదలుచుండును గాన అంత భయములేదు. రెండవది, ఫ్రిజ్జు వెనుక గోడకుండు గాలిరంధ్రములను మూయరాదు. పక్షులు గూళ్ళు పెట్టినవేమో చూడవలెను. మూడవది, పెట్రోలుబంకులో ప్రవేశింపకమునుపే మంటను ఆర్పవలయును. బండి నడచునపుడు గ్యాసును కట్టివేసి విద్యుత్తుపై నడుపుటయో, చల్లబడిన పెట్టెను మూతతెఱవక అట్లేయుంచుటయో క్షేమము. నాలుగవది, ఫ్రిజ్జుదగ్గఱ అమ్మోనియా ఘాటు తగిలినను, వెనుక పసుపుపచ్చని మరక కానవచ్చినను, వెంటనే ఆర్పి, అందఱును దిగి, నిపుణుని పిలువవలెను. 2006లో అమెరికాలో ఒక తయారీసంస్థ గొట్టము పగిలి నిప్పంటుకొను ప్రమాదమున్నదని తొమ్మిదిలక్షలకు పైగా ఇట్టి ఫ్రిజ్జులను బాగుచేయుటకై వెనుకకు పిలిచినది. కావున అద్దెబండి యజమానిని “ఫ్రిజ్జును ఎప్పుడు పరీక్షించితిరి?” అని యడుగుటకు సంకోచింపరాదు.

వేడి యెచ్చటికి పోవుచున్నదను ప్రశ్నకు తోడు ఇచ్చట మఱియొక ప్రశ్న కలదు: పొగ యెచ్చటికి పోవుచున్నది? గాలిచాలక మండు నిప్పునుండి కార్బను మోనాక్సైడను వాయువు పుట్టును. దానికి రంగులేదు, వాసనలేదు. నిద్రలోనున్నవారిని నిద్రలోనే కొనిపోవును. 2024 డిసెంబరులో కేరళలోని వడకర సమీపమున రోడ్డుప్రక్క నిలిపిన కారవానులో ఇరువురు మృతులై కనబడిరి. జనరేటరునుండి వెలువడిన ఆ వాయువు బండి నేలలోని సందుగుండ లోనికి చేరినదని నిపుణులు తేల్చిరి. ఏసీకైనను, ఫ్రిజ్జుకైనను జనరేటరును వాడువారు దీనిని తలచుకొనవలయును. ఆ వాయువును కనిపెట్టి కూతవేయు చిన్నయంత్రములు దొరకును. అట్టిది పనిచేయుచున్నదని చూచినపిదపనే ఇంటిబండిలో నిద్రింపవలెను. తలనొప్పి, వికారము అందఱికి ఒక్కసారిగా కలిగినచో అలసటయని సరిపుచ్చుకొనక, పిల్లలను ఎత్తుకొని బయటి గాలికి పరుగిడవలెను.

గ్యాసుసిలిండరును గూర్చి ఇంకొకమాట. 2023 ఆగస్టు 26వ తేదీన మధుర స్టేషనుదగ్గఱ నిలిపిన యాత్రికుల రైలుపెట్టెలో, లోపలికి తెచ్చుకొన్న సిలిండరుతో టీ కాచుకొనబోగా నిప్పంటుకొని తొమ్మండుగురు మరణించిరి. రైలులో సిలిండరు తీసికొనిపోవుట చట్టరీత్యా నేరము. వంటగ్యాసు గాలికన్న బరువైనది. కాఱినచో పైకిపోక నేలబారున పరచుకొని నిప్పుకై కాచియుండును. యాత్రకై బస్సు కట్టించుకొనువారు ఇంటి సిలిండరును సీట్లక్రింద పెట్టుకొనుట ఎంతటి తెగువయో యోచింపుడు.

మందులు, కొలతలు

చక్కెరవ్యాధికి వాడు ఇన్సులినును తీసికొనిపోవు ఇల్లాండ్రకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. తెఱవని ఇన్సులినును 2 మొదలు 8 డిగ్రీల నడుమ నుంచవలెను. వేడి దానిని చెఱచును, గడ్డకట్టుటయు చెఱచును. ఐసునకు తగిలించియుంచినచో గడ్డకట్టి నిష్ప్రయోజనమగును. కరిగినతరువాత చూపునకు మునుపటివలెనేయుండి మోసగించును. కావున సీసాను గుడ్డలోచుట్టి, డబ్బాలోనుంచి, ఐసునకు దూరముగా పెట్టవలెను. వాడుచున్న సీసాను ఎన్నినాళ్ళు బయట ఉంచవచ్చునో దాని పెట్టెపైనను, లోపలి కాగితముపైనను వ్రాసియుండును, అదియే ప్రమాణము.

చేయిపెట్టి చూచి చల్లగానున్నదనుట కొలత కాదు. వెలుపల 40 డిగ్రీల యెండయున్నపుడు 20 డిగ్రీలును చేతికి చల్లగనే తోచును. చిన్న ఉష్ణమాపకమునొకదానిని పెట్టెలోనుంచుడు; అది 5 డిగ్రీలు దాటిన నమ్మకముపోయినట్లే. ఇంటివద్దనుండు ఫ్రిజ్జునకును ఒక యుపాయమున్నది. ప్రయాణమునకు ముందు గడ్డకట్టించు అరలో గిన్నెతో నీరుంచి, గడ్డకట్టినపిదప దానిపై ఒక రూపాయిబిళ్ళ పెట్టుడు. తిరిగివచ్చి చూచునప్పటికి బిళ్ళ పైననేయున్నచో మంచు కరగలేదు. అడుగునకు చేరియున్నచో మీరు లేనప్పుడు కరెంటు చాలసేపు పోయి, లోనున్నదంతయు కరిగి మరల గడ్డకట్టినదని తెలియును. అప్పుడు అందలి చేపను, మాంసమును పాఱవేయుటయే కర్తవ్యము.

పాఱవేయుటకు మనసొప్పనితనమే మన స్త్రీలకు గల పెద్దచిక్కు. గింజ నేలపాలుచేయరాదని నేర్చుకొని పెరిగినవారము. అది సద్గుణమే. కాని మేము కాపాడబూనిన రెండుకిలోల రొయ్యల వెల యెంత? ఆసుపత్రిలో మా మనుమని చేతికి గ్రుచ్చిన సూది వెల యెంత? పదార్థమును వ్యర్థపుచ్చకుండుటకు తగినచోటు పెట్టె సర్దునప్పుడేగాని, చెడిన తరువాత కాదు.

మొన్న వేసవిలో మరల హైదరాబాదు వెళ్ళితిమి. సీమంతమునాటి పిల్లకు పుట్టిన బిడ్డకు రెండేండ్లు నిండినవి. షెడ్డులోని పెద్దామెయే మా పెట్టె సర్దినది. అడుగున చిల్లు, చిల్లునకు గొట్టము, అడుగున ఐసు, నడుమ ఐసు, పైన ఐసు, మూతచుట్టు గోనెపట్టా. మజ్జిగకు వేఱుపెట్టె. దారిలో ఒక్కరును రొయ్యలమూత తెఱవలేదు. ఊరుచేరి తెఱచినపుడు అరచేతులలో పట్టునన్ని ఐసుముక్కలు ఇంకను మిగిలియుండినవి. వానిని చూచి మా మనుమడు, “అమ్మమ్మా, ఇంకా కరగలేదే!” అని కేకవేసెను. ఆ యిగురు వాడును తినెను. ఆ రాత్రి మేము నిశ్చింతగా నిద్రించితిమి.